సెలవునకును ఒక మస్టరు కలదు

సింగరేణి వారి కాసిపేట బొగ్గుగనుల మీద ‘ప్లేడే’ అను మాట వినబడని ఇల్లు లేదు. మాటను బట్టి చూచిన అది ఆటలదినమని తోచును గాని, బొగ్గుబాయి కార్మికునకు దాని భావము వేరు. వారమునకొకనాడు లభించు విశ్రాంతిదినమే ప్లేడే. ఆనాడు గూడ డ్యూటీ పడినచో మామూలు దినముకంటె అధికమైన వేతనము చేతికి వచ్చును గావున, విశ్రాంతిదినమున ఇంట కూర్చుండవలెనని ఉవ్విళ్లూరు కార్మికుడు అరుదు. తన పేరు ఆదివారపు జాబితాలో ఉన్నదో లేదో ముందుగానే విచారించుకొనువాడే అధికము. ఏడాదిలో భూగర్భమున పనిచేయువానికి 190 మస్టర్లు (హాజరు దినములు), ఉపరితలమున పనిచేయువానికి 240 మస్టర్లు నిండవలెనను లెక్క ఈ వాడలలోని పిల్లలకు ఎక్కముల వలె నోటికి వచ్చును. హాజరే అన్నమని వినుచు పెరిగిన అట్టి ఇంటి బిడ్డ, ఒక సంవత్సరము స్వచ్ఛందసేవకై విదేశమునకు పోయి, అక్కడి సంస్థవారు సెలవు తీసికొని ఎక్కడికైన పోయి రమ్మని చెప్పినప్పుడు, ఏదో తప్పు చేయుచున్నట్లు సంకోచించుట వింత కాదు.

కాసిపేట గని కార్మికుని కుమార్తె యొకతె జర్మనీ దేశమున ఎస్సెన్ నగరపు వృద్ధాశ్రమములో సేవ చేయుచున్నదని ఊహింతము. సెలవుమాట చెప్పగానే తండ్రి ఫోనులో, “జీతం లేని కొలువుకు పోతివి, అండ్ల మల్ల సెలవు కూడనా బిడ్డా? మస్టర్ పోతదేమో సూస్కో” అనును. “పోదు బాపు, ఇది గూడ లెక్కలకే వస్తది” అని ఆమె ధైర్యముగా చెప్పగలుగుటకు ఏమేమి తెలిసియుండవలెనో, ఆ యాత్రను భావిజీవితమునకు ఉపకరించునట్లు ఎట్లు తీర్చుకొనవలెనో వివరించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మూడవ త్రోవ

మన సీమలో దేశము పోవుట యన్నచో రెండే త్రోవలు స్ఫురించును: గల్ఫునకు కూలికి పోవుట ఒకటి, అప్పు చేసి అమెరికాకు ఎం.ఎస్. చదువునకు పోవుట వేరొకటి. ఈ రెంటి నడుమ అంతగా నలుగని మూడవ త్రోవ యొకటి కలదు. కూలికిని గాక, పట్టమునకును గాక, ఒక వృద్ధాశ్రమములోనో, వికలాంగుల పాఠశాలలోనో, ఆసుపత్రిలోనో సంవత్సరకాలము పనిచేసి, బస, భోజనము, కొంత చేతిఖర్చు మాత్రము పుచ్చుకొని, ఒక భాషను, ఒక పనితీరును, ఒక సమాజమును లోపలినుండి ఎరిగి వచ్చుటయే ఆ త్రోవ.

దీనికి చిన్నది కాని చరిత్రయే కలదు. మొదటి ప్రపంచయుద్ధములో నేలమట్టమైన ఫ్రాన్సు దేశపు వెర్దూన్ ప్రాంతమున, ఎస్న్ అను గ్రామమును తిరిగి నిలబెట్టుటకు 1920లో స్విట్జర్లాండు దేశీయుడైన పియేర్ సెరెజోల్, నిన్నటివరకు ఒండొరులపై తుపాకులు గురిపెట్టిన జాతుల వారిని ఒక్క శిబిరమునకు చేర్చి వారిచే పారలు పట్టించెను. ఆ శిబిరమునుండి సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ సంస్థ పుట్టినది. 1934లో బీహారు భూకంపమునకు గురియైనప్పుడు గ్రామముల పునర్నిర్మాణమునకై ఆయన మన దేశమునకును వచ్చెను. ఐక్యరాజ్యసమితి 1970లో తన స్వచ్ఛందసేవకుల విభాగమును ఏర్పరచినది. దాని ప్రధానస్థానము నేడు జర్మనీలోని బాన్ నగరము. జర్మనీ తన వంతుగా 1964లో చట్టము చేసి ‘స్వచ్ఛంద సాంఘిక సంవత్సరము’ను నెలకొల్పినది; నిర్బంధ సైనికసేవను నిలిపివేసిన 2011లో ‘ఫెడరల్ స్వచ్ఛందసేవ’ను ప్రారంభించినది. మొదటిది 27 ఏండ్లు నిండని యువజనులకు. రెండవదానికి పై వయఃపరిమితి లేదు. జర్మన్ యువకులను మన వంటి దేశములకు పంపుటకు 2008లో మొదలైన ‘వెల్ట్‌వేర్ట్స్’ పథకము, 2013 నుండి మన వంటి దేశముల యువకులను జర్మనీకి రప్పించుటకును ద్వారము తెరచినది.

ఈ త్రోవ పట్టదలచినవారు మొదట చేయవలసిన పని భాషాభ్యాసము. ఐరోపా భాషాప్రమాణములలో ఏ1 మొదలు సీ2 వరకు ఆరు మెట్లున్నవి. వృద్ధులతో, రోగులతో మాటలాడు పనికి సంస్థలు సాధారణముగా ఏ2 లేక బీ1 మెట్టును కోరుచుండును. హైదరాబాదులోని గోథే సెంత్రుమ్ జర్మన్ భాషను నేర్పుచున్నది. రెండవ పని జాగ్రత్త. సేవావీసా ఇప్పింతునని లక్షలు అడుగు దళారి కనబడినచో, అతడు సేవనే యమ్ముచున్నాడని గ్రహించి దూరము తొలగవలెను. సంస్థ స్వయముగా పంపిన ఒప్పందపత్రములో పని, గంటలు, బస, చేతిఖర్చు, బీమా, సెలవు అను ఆరు విషయములును వ్రాతపూర్వకముగా ఉన్నవో లేవో చూచుకొనిన పిదపనే సంతకము చేయవలెను.

సెలవు దయ కాదు, నియమము

ఆ ఆరింటిలో కడపటిదే మన ప్రస్తుతాంశము. జర్మనీ చట్టము ప్రకారము వారమునకు ఆరు పనిదినముల లెక్కన ఏడాదికి కనీసము 24 దినముల సెలవు, అనగా పూర్తిగా నాలుగు వారములు, పెద్దవారైన ఉద్యోగులకు హక్కు. స్వచ్ఛందసేవకులకును ఇదియే కనిష్ఠము. కావున సెలవు అడుగుట యాచన కాదు, అడుగకపోవుట త్యాగమును కాదు. ఇంతియ గాక, 27 ఏండ్లు నిండనివారికి పన్నెండు నెలల సేవలో 25 దినములు శిక్షణ సదస్సులకు కేటాయింపబడియుండును. అవి పనిదినములతో సమానము, హాజరు తప్పనిసరి. ఆ తేదీలలో సెలవు దొరకదు గావున, సేవలో చేరిన వారమే సదస్సుల తేదీలు తెలిసికొని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకొని, మిగిలిన ఖాళీలలో యాత్రకు తావు వెదకవలెను. క్రిస్మస్ వారమున తోడి ఉద్యోగులందరును కుటుంబముల కడకు పోగోరుదురు. ఆ వేళ ఆశ్రమమున నిలిచి పనిచేసి, దానికి మారుగా ఫిబ్రవరిలోనో, మార్చిలోనో సెలవు కోరు సేవకుని మాట సులభముగా నెగ్గును, రైలు టికెట్టును చవుకగా దొరకును. ప్లేడే డ్యూటీ చేసి రెస్టును మరియొకనాటికి మార్చుకొను కిటుకు తెలిసిన ఇంటి పిల్లలకు ఈ బేరమును వేరుగా నేర్పనక్కరలేదు. నోటిమాటను నమ్మక, సెలవు మంజూరైనట్లు వ్రాతపూర్వకముగా పుచ్చుకొనుట మాత్రము మరువరాదు.

సరిహద్దు కనబడదు, కాని ఉన్నది

లక్సెంబర్గు దేశమున షెంగెన్ అను చిన్న పల్లె యొద్ద 1985 జూన్ 14న కుదిరిన ఒప్పందము, 1995 మార్చి నుండి అమలునకు వచ్చి, నేడు 29 దేశములకు వ్యాపించినది. జర్మనీ ఇచ్చిన దీర్ఘకాలిక వీసా గాని, నివాసానుమతి కార్డు గాని చెల్లుబాటులోనున్న సేవకుడు, ప్రతి 180 దినములలో 90 దినములకు మించకుండ తక్కిన షెంగెన్ దేశములలో వేరు వీసా లేకయే సంచరింపవచ్చును. బ్రిటనును, ఐర్లండును ఈ కూటమిలో లేవు. వానికి ప్రత్యేకముగా వీసా కావలెను.

ఇక్కడనే మూడు గోతులున్నవి. వీసా గడువు ముగిసి, నివాసానుమతి కార్డు ఇంకను రాని నడిమికాలమున కార్యాలయము వారు ఒక తాత్కాలిక పత్రము నిత్తురు. దానితో పొరుగు దేశమునకు పోవచ్చునో లేదో ఆ కార్యాలయమునే అడిగి తెలిసికొనక రైలెక్కరాదు. రెండవది, సరిహద్దు యొద్ద కావలి లేదు గదా యని పాస్‌పోర్టును గదిలో విడిచి పోవుట. కావలి కనబడకున్నను తనిఖీ ఎప్పుడైన జరుగవచ్చును, పాస్‌పోర్టును కార్డును రెండును వెంటనుండవలసినదే. మూడవది, సెలవులో పొరుగు దేశమున నాలుగు దినములు కూలి చేసి ఖర్చులు రాబట్టుకొందమను ఆలోచన. సందర్శనమునకిచ్చిన హక్కు సంపాదనకు చెల్లదు. ఆరోగ్యబీమా కార్డు ఏ దేశమున ఎంతవరకు చెల్లునో బీమాసంస్థను ముందే అడిగి ఉంచుకొనుట నాలుగవ జాగ్రత్త. షెంగెన్‌కు వెలుపలి దేశమున సేవ చేయువారు తమ వీసాపై ‘ఒక్క ప్రవేశము’ అని యున్నదో, ‘బహుప్రవేశము’ అని యున్నదో చూచుకొనవలెను. ఒక్క ప్రవేశపు వీసాతో దేశము దాటినవాడు తిరిగి వచ్చి తలుపు తట్టినను తెరువరు.

చేతిఖర్చుతో యాత్ర

సేవకునికి నెలకు దొరకునది కొన్ని వందల యూరోలు మాత్రమే. అందుండి మొదటి నెలనుండియే కొంత తీసి పక్కన పెట్టినవాడే ఆరవ నెలలో ప్రయాణము కట్టగలడు. జర్మనీలో 2023 మే మొదటి తేదీన నెలకు 49 యూరోల ధరకు ప్రవేశపెట్టబడి, ఆ పిమ్మట ధర పెరిగిన ‘డోయిచ్‌లాండ్ టికెట్టు’తో దేశమంతట ప్రాంతీయ రైళ్లలో, ట్రాములలో, బస్సులలో తిరుగవచ్చును, దూరప్రాంతపు వేగరైళ్లలో అది చెల్లదు. ఇకపోతే రాత్రి బస. 1909 ఆగస్టు 26న రిషార్ట్ షిర్మన్ అను బడిపంతులు విద్యార్థులతో కాలినడకన విహారమునకు పోవుచుండగా ఉరుములతో కూడిన గాలివాన ముంచుకొనివచ్చి, వారందరును ఒక పల్లెబడి గదిలో తలదాచుకొనవలసివచ్చెను. సెలవులలో ఖాళీగా పడియుండు బడులు ప్రయాణము చేయు పిల్లలకు సత్రములేల కాకూడదని ఆ రాత్రి ఆయనకు తోచిన ఊహయే యూత్ హాస్టలు ఉద్యమమునకు బీజము. తొలి శాశ్వత హాస్టలు ఆయన పనిచేసిన ఆల్టెనా ఊరి కోటలో వెలసినది. ఎస్సెన్‌నుండి ఆల్టెనా అంత దూరము కాదు. హోటలు గదిలో తలుపు మూసికొని పండుకొనుటకంటె ఎనిమిది మంచముల హాస్టలు గదిలో నాలుగు దేశముల వారితో మాట కలుపుట భాషకును మేలు, సంచికిని మేలు.

ఎక్కడికి పోవలెను?

ప్యారిసు గోపురమును చూడరాదని ఎవరును అనరు. కాని పది దినముల సెలవులో పది రాజధానుల ముందు పది ఛాయాచిత్రములు దిగివచ్చిన వానికంటె, తన యూరినుండి ఒక ప్రశ్నను మూటగట్టుకొనిపోయి దానికి సమాధానము వెదకినవాడు అధికము సంపాదించును. కాసిపేట బిడ్డ వెంట ఆ ప్రశ్న పుట్టుకతోనే వచ్చినది: బొగ్గు అయిపోయిన తరువాత ఊరేమగును?

ఆ ప్రశ్నకు ఎస్సెన్‌లోనే మొదటి సమాధానము దొరకును. రైల్వేస్టేషను యొద్ద 107వ నంబరు ట్రాము నెక్కినచో అది త్సోల్‌ఫెరైన్ గని యొద్ద దించును. ఆ గని పన్నెండవ షాఫ్టు 1932లో పని ప్రారంభించి, దినమునకు 12,000 టన్నుల బొగ్గును పైకి తీసి, 1986 డిసెంబరులో మూతపడినది. 2001లో యునెస్కో వారసత్వస్థలముల పట్టికకెక్కినది. ఒకప్పుడు బొగ్గును కడిగిన భవనములోనికి నేడు సందర్శకులు నారింజవర్ణపు వెలుగుతో మెరయు పొడుగాటి ఎస్కలేటరుపై 24 మీటర్ల ఎత్తునకు ఎక్కిపోవుదురు. బెల్టు మీద బొగ్గు ఎక్కిన త్రోవనే మనుష్యులు ఎక్కుచున్నట్లుండును. లోపల రూర్ ప్రాంతచరిత్రను తెలుపు మ్యూజియమున్నది. పొరుగున బోఖుమ్ నగరములో 1930లో స్థాపింపబడిన గనుల మ్యూజియము కలదు. 2018 డిసెంబరు 21న బోట్రోప్ పట్టణపు ప్రోస్పర్-హానియెల్ గనినుండి తీసిన కడపటి బొగ్గుపెళ్లను దేశాధ్యక్షుని చేతికి అప్పగించుటతో జర్మనీలో భూగర్భపు నల్లబొగ్గు త్రవ్వకము ముగిసినది. కాని పని ముగియలేదు. త్రవ్వకము వలన నేల కొన్నిచోట్ల 20 మీటర్లకు పైగా కుంగియున్నందున, పంపులు నిలిపినచో ఊళ్లలో నీరు నిలిచి చెరువులగును; అందుచేత ఆ నీటిని నిరంతరము తోడుచునేయుండవలెను, ఆ వ్యయమును భరించుటకై 2007లో ఒక నిధిసంస్థనే ఏర్పరచిరి. మూసిన బావికిని డ్యూటీ ఉండునను ఈ సత్యము, మన గనుల విద్యార్థి స్వయముగా చూచి రాదగినది.

రెండవ మజిలీకి దేశము దాటవలెను. ప్రాంతీయ రైలులో కొలోన్ మీదుగా ఆఖెన్ వరకు పోయి, అచట వేరు టికెట్టు కొని, లియేజ్ మీదుగా బెల్జియములోని షార్లెర్వా చేరినచో, మార్సినెల్ అను శివారులో బ్వా దు కాజియే గని ఉన్నది. 1956 ఆగస్టు 8 ఉదయము, 975 మీటర్ల లోతున, బొగ్గు నింపు ఒక టబ్బు, షాఫ్టులో ఎక్కిదిగు కేజిలోనికి సరిగా ఎక్కక సగము వెలుపలికి నిలిచియుండగానే కేజి పైకి కదలెను. ఆ టబ్బు తగిలి నూనెగొట్టము, కరెంటు కేబుళ్లు, గాలిగొట్టము తెగిపోగా నిప్పు పుట్టి, పొగ గనియంతట క్రమ్ముకొనెను. నాడు మరణించినవారు 262 మంది, పన్నెండు జాతులవారు. అందులో 136 మంది ఇటలీనుండి వచ్చిన వలసకూలీలు. యుద్ధానంతరము 1946లో రెండు ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒప్పందము మేరకు, ఇటలీకి బొగ్గు పోవుటకు బదులుగా బెల్జియమునకు మనుష్యులు వచ్చిరి. నేడు ఆ స్థలము స్మారకము. 2012లో అదియు యునెస్కో పట్టికలో చేరినది. టబ్బు, కేజి, సిగ్నలు అను మాటలకు నిఘంటువు అక్కరలేని ఇంటినుండి వచ్చిన అమ్మాయి ఆ మృతుల పేర్ల యెదుట నిలిచినప్పుడు తక్కిన సందర్శకులకంటె ఒక్క మెట్టు లోతుగా అర్థము చేసికొనును. ఒక్క సంకేతము తప్పినందున ఇంతమంది పోయిరను సంగతి ఆమెకు భద్రతాపాఠ్యపుస్తకములోని ఒక అధ్యాయము వలె గాక, మూడవ షిఫ్టునుండి తండ్రి ఆలస్యముగా వచ్చిన రాత్రి వలె తోచును.

చూచినది వ్రాసిననే నిలుచును

సెలవు పుచ్చుకొని యాత్ర చేసి, దానిని లోకోపకారముగా మలచుట తెలుగువానికి క్రొత్త విద్య కాదు. మదరాసు సుప్రీముకోర్టులో ద్విభాషియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు కొలువునకు సెలవు పెట్టి, 1830 మేలో కాశీకి బయలుదేరి, పదునైదు నెలలకు పైగా సంచరించి, హైదరాబాదునుండి నాగపురమునకు పోవు త్రోవలో మన పాత ఆదిలాబాదు సీమను గూడ దాటిపోయిరి. మజిలీ మజిలీకి నీరు మంచిదో కాదో, బియ్యము దొరకునో దొరకదో, బాట ఎట్లున్నదో, జనుల నడవడి యెట్టిదో స్నేహితునకు జాబులుగా వ్రాసిరి గావుననే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయినది.

దీనికి ప్రతిబింబము వంటి ఉదాహరణము మనకు మరింత చేరువనున్నది. ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్, 1939లో యుద్ధము పుట్టునప్పటికి మన దేశముననుండుటచేత, శత్రుదేశపు పాస్‌పోర్టు కలవాడని కదలికలు నిర్బంధింపబడి నిజాము రాజ్యమున నిలిచిపోవలసివచ్చెను. గోండులు నిజాముపై తిరుగబడిన జోడేఘాట్ పోరాటమునకు పిమ్మట ఆయన మన గోండుగూడెములలో తిరిగి, వారి భాష నేర్చి, దినచర్యలు వ్రాసి, వేలకొలది ఛాయాచిత్రములు తీసి, మార్లవాయిలో గిరిజన ఉపాధ్యాయుల శిక్షణకు పునాది వేసెను. ఆయన సహధర్మచారిణి ఎలిజబెత్ సమాధి నేటికిని ఆ గ్రామముననే ఉన్నది. మన పల్లెలను చూడవచ్చిన పరదేశి ఇంత వ్రాసికొనిపోగా, పరదేశమును చూడబోయిన మన పిల్లలు ఫోను నిండ సెల్ఫీలతో మాత్రమే తిరిగివచ్చుట న్యాయమా?

కావున ప్రతి రాత్రి నిద్రకు ముందు అరపేజీ చాలును: ఎక్కడికి పోయితిని, ఎంత ఖర్చయినది, ఎవరితో మాటలాడితిని, ఏది మా యూరిలో వేరుగా జరుగును. ఈ నాలుగు ప్రశ్నలకు తెలుగులో సమాధానము వ్రాసి, మరునాడు అందులో రెండు వాక్యములను జర్మన్‌లోనికి మార్చుకొనినచో భాషాభ్యాసమును సాగిపోవును.

ఉద్యోగపు గుమ్మము యొద్ద

సేవ ముగిసినప్పుడు సంస్థవారు ధ్రువపత్రమిత్తురు. చేసిన పనులు, నేర్చిన నైపుణ్యములు అందులో వివరముగా ఉండునట్లు అడిగి వ్రాయించుకొనవలెను. బయోడేటాలో ‘అభిరుచులు: విహారయాత్రలు’ అని వ్రాసిన పంక్తిని ఎవరును చదువరు. దాని స్థానమున, ‘సేవాకాలపు సెలవులో మూతపడిన రెండు గనులను సందర్శించి, గని మూసివేత, నీటి నిర్వహణ, ప్రమాదకారణములపై పది పుటల నివేదిక సిద్ధపరచితిని’ అని వ్రాసినచో ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదనే పడును. తనకు బాగుగా తెలిసిన విషయము పైననే ప్రశ్న పడునట్లు చేసికొనుటకంటె అభ్యర్థికి కావలసిన దేమున్నది?

ఆ నివేదిక తెరచు ద్వారములు పెక్కు. గనుల ఇంజనీరింగు చదువదలచినవారికి కొత్తగూడెములో 1978లో కళాశాలగా మొదలైన విద్యాసంస్థ ఉన్నది; బొగ్గుగనుల మూసివేత ప్రణాళికకు కేంద్రప్రభుత్వము 2009 నుండి మార్గదర్శకములు విధించియున్నందున, ఆ రంగమున నిపుణుల అవసరము పెరుగునే గాని తరుగదు. భద్రత వైపు మొగ్గువారికి ధన్‌బాద్ ప్రధానస్థానముగా గల గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ నిర్వహించు పరీక్షలున్నవి. వృద్ధాశ్రమపు పని నచ్చినవారు నర్సింగు వైపు, ఎం.ఎస్.డబ్ల్యూ. వైపు పోవచ్చును, విదేశీ ఉద్యోగములకు తెలంగాణ ప్రభుత్వమే టామ్‌కామ్ అను సంస్థను నడుపుచున్నది. సింగరేణి సంస్థయే మన సీమలోని జైపూరులో 1,200 మెగావాట్ల తాపవిద్యుత్కేంద్రమును, పలుచోట్ల సౌరవిద్యుత్కేంద్రములను కట్టుకొని బావి వెలుపలి బ్రతుకునకు బాట వేసికొనుచుండగా, తండ్రి మస్టరునకు వారసత్వము దొరకునని మాత్రమే ఎదురుచూచు యువకుడు సంస్థకంటె వెనుకబడినవాడగును.

తిరిగి వచ్చిన పిదప ఒక సాయంకాలము, కాసిపేట ఇంటి వాకిట మంచముపై కూర్చున్న తండ్రికి ఆ యమ్మాయి తన నోటుపుస్తకమును తెరచి మార్సినెల్ పుటను చదివి వినిపించునని తలతము. టబ్బు కేజిలో సగమే ఎక్కినదన్న మాట దగ్గర ఆయన చేయెత్తి ఆపి, “గంట కొట్టినోడెవడు? పైన్నుంచి ఇన్నోడెవడు?” అని అడుగును. పుస్తకములో ఆ సంగతి లేదు. ఆమె పెన్ను తీసి ఆ ప్రశ్నను అంచున వ్రాసికొనును. ఆ సెలవునకు మస్టరు పడినది అప్పుడే.